తెర ముందు నిలిచిన బిడ్డ

చిక్కడపల్లి ప్రధాన రహదారి నుండి కాస్త లోపలికి వెళితే ఒక సందులో, ఒక ఇంటి ముందుగదిలో ప్రతి వేసవిలోనూ నెల రోజులపాటు మేము కంప్యూటర్ తరగతి నడుపుతున్నాము. అస్ర్ నమాజు తరువాత మొదలై మగ్రిబ్ అజాన్‌తో ముగుస్తుంది. నాలుగు పాత కంప్యూటర్లు, ఒక పెద్దమనిషి ఇచ్చిన ప్రొజెక్టర్, తెరకు బదులు సున్నం కొట్టిన గోడ. ఇదే మా సంపద. వచ్చేవారిలో ఎక్కువమంది బడి పిల్లలు, ఇంటర్ చదివే అమ్మాయిలు. ఇద్దరు ముగ్గురు గృహిణులు కూడా ఉంటారు. వారిలో కొందరు మౌస్‌ను మొదటిసారి పట్టుకునేది ఇక్కడే.

గత వేసవిలో చివరి రోజున పిల్లల పెద్దలను పిలిచాము. పదవ తరగతి ముగించిన ఒక అమ్మాయి మూసీ వరదల మీద ప్రజెంటేషన్ తయారుచేసింది. మొత్తం 11 స్లైడ్లు. నీలి రంగు మీద పసుపు అక్షరాలు, ఒక్కొక్క స్లైడ్‌లో పన్నెండు పదమూడు వరుసలు. అక్షరాలు ఎడమ నుండి ఎగిరివచ్చి, గిరగిరా తిరిగి, ఒక్కొక్కటిగా కూర్చునేవి. అమ్మాయి గోడ వైపు తిరిగి మొదటి వరుస నుండి చివరి వరుస దాకా చదువుతూ పోయింది. ఆరవ స్లైడ్ దగ్గర వెనుక కూర్చున్న ఆమె నానీ, నల్లగొండ వైపు నుండి వచ్చిన వృద్ధురాలు, ఉండబట్టలేక అన్నారు: "నీ మాట విందామని వస్తిని బిడ్డా. నువ్వేమో నీ వీపు సూపెట్టుకుంట నిలబడ్డవు."

అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. మిగిలిన ఐదు స్లైడ్లూ చదవకుండానే వచ్చి కూర్చుంది. కొన్నాళ్లకు వాళ్ల అమ్మీ కనిపించి, ఇక నలుగురి ముందు మాట్లాడవలసిన పని ఏదీ తనకు వద్దని కూతురు అంటోందని చెప్పినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ అమ్మాయి చేసిన తప్పులో ఆమెది ఏమీ లేదు. అలా చేయమని నేర్పినది నేనే.

నేనెలా నేర్పానో చెబుతాను. కంప్యూటర్ తెరిపించాను. పైన ఉన్న మెనూలను ఎడమ నుండి కుడికి ఒక్కొక్కటిగా చూపించాను. రంగులు ఎలా మార్చాలి, అక్షరాలను ఎలా ఎగిరించాలి, స్లైడ్ మారేటప్పుడు పరదా తొలగినట్లు ఎలా చేయాలి. నెల రోజులు ఇదే పాఠం. పిల్లలు ఎంతో ఉత్సాహంగా నేర్చుకున్నారు. నారాయణగూడ, హిమాయత్‌నగర్ వైపు బోర్డులు పెట్టుకున్న సంస్థలలో చాలా వాటి పద్ధతి కూడా ఇదే. నేను కూడా ఒకప్పుడు అలాంటి చోటనే నేర్చుకున్నాను. ఆ నెలలో నేను అడగని ప్రశ్న ఒక్కటే: "నువ్వు ఎవరికి, ఏమి చెప్పబోతున్నావు?"

మా పేటకు సంబంధించిన మరొక కారణం కూడా ఉంది. ఇక్కడికి నాలుగడుగుల దూరంలోనే నగర కేంద్ర గ్రంథాలయం, దానిని ఆనుకొని అశోక్‌నగర్. ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీ యువకులు రాష్ట్రం నలుమూలల నుండి వచ్చి హాస్టళ్లలో ఉంటూ, ఉదయం నుండి రాత్రి దాకా పుస్తకాలతో కుస్తీ పట్టే చోటు అది. అక్కడి జిరాక్స్ దుకాణాలలో స్లైడ్లను ఒక్కొక్క కాగితం మీద నాలుగు, ఆరు చొప్పున ముద్రించి, కట్ట కట్టి 'మెటీరియల్' పేరుతో అమ్ముతారు. చెప్పే మనిషి పక్కన లేకుండా చదువుకోవలసినవి కాబట్టి వాటిలో విషయమంతా ఉండాలి. అవి స్లైడ్ రూపంలో ఉన్న నోట్సు. మా అమ్మాయి అన్నయ్య కూడా అశోక్‌నగర్‌లోనే చదువుతున్నాడు. ఇంట్లో ఆమె చూసిన స్లైడ్లన్నీ అలాంటివే. చెప్పే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు గోడ మీద ఉండవలసిన స్లైడ్ వేరు, ఇంటికి తీసుకుపోయి చదువుకునే స్లైడ్ వేరు. ఈ తేడాను మేము ఎవరికీ చెప్పలేదు.

అసలు ఈ సాధనం పుట్టుక గురించి తెలుసుకున్నప్పుడు నాకు కొంత స్పష్టత వచ్చింది. పవర్‌పాయింట్‌ను అమెరికాలోని ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ మొదలైనవారు రూపొందించారు. అది 1987లో మొదట మెకింటోష్ కంప్యూటర్ కోసం విడుదలయింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను ఒక కోటీ నలభై లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. తొలి రూపంలో రంగులు లేవు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ల కోసం పేజీలు అచ్చు వేసుకోవడమే దాని పని. ఆ షీట్లను ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టి కంపెనీ అధికారులు తమ సమావేశాలలో గోడ మీద చూపించుకునేవారు. బడి, పలక, పిల్లలు దాని తయారీదారుల దృష్టిలో ముందుగా ఉన్నవి కావు. కొత్త స్లైడ్ తెరవగానే పైన శీర్షిక, కింద చుక్కల వరుస సిద్ధంగా కనిపించడం ఆఫీసు సమావేశాల అలవాటు. మొదటిసారి చూసే పిల్లవాడు దానిని నింపి తీరవలసిన ఖాళీగా భావిస్తాడు. పరీక్షలో ఖాళీలను పూరించినట్లే పూరిస్తాడు.

ఈ ఏడాది తరగతిని మరో విధంగా మొదలుపెట్టాము. మొదటి మూడు రోజులు కంప్యూటర్లు తెరవలేదు. పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. ఒక తల్లి అయితే, "కంప్యూటర్ నేర్పిస్తారంటే పంపించాను ఆపా, మీరు కాగితం, పెన్సిల్ ఇస్తున్నారేమిటి?" అని నిలదీసింది కూడా.

ఆమెకు నేను గుర్తుచేసిన సంఘటన బుఖారీ గ్రంథంలో ఉన్నదే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం. దైవప్రవక్త (స) ఒకసారి చతురస్రాకారంలో ఒక గీత గీశారు. దాని మధ్య నుండి బయటికి పొడుచుకు వచ్చేలా మరొక గీత, దానికి పక్కగా చిన్న చిన్న గీతలు గీశారు. మధ్య గీత మనిషి అని, చుట్టూ ఉన్నది అతని మృత్యువు అని, బయటికి సాగినది అతని ఆశ అని, చిన్న గీతలు అతనికి ఎదురయ్యే ఆపదలని వివరించారు. అక్కడ అక్షరం ఒక్కటి కూడా లేదు. ఉన్నవి కొన్ని గీతలు, వాటి పక్కన వివరించే మాట. ఆ బొమ్మను చెరిపేస్తే మాట బలం కొంత తగ్గుతుంది. మాటను తీసేస్తే బొమ్మ ఎవరికీ అర్థం కాదు. ఈ రెంటి మధ్య ఉండవలసిన సంబంధం ఇదేనని ఆ తల్లితో చెప్పాను. ఆమె మరుమాట లేకుండా కూర్చుని, తానూ ఒక కాగితం తీసుకుంది.

ఆ మూడు రోజులు ఏమి చేశామంటే, ప్రతి ఒక్కరూ తాము చెప్పదలచుకున్న విషయాన్ని పక్కన కూర్చున్నవారికి రెండు నిమిషాలలో నోటితో చెప్పాలి. ఏ చోట విన్నవారి కనుబొమలు ముడిపడ్డాయో, ఏ చోట "అదెలా ఉంటుంది?" అని అడిగారో, ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి. ఆ చోటికే ఒక స్లైడ్. మిగిలినదానికి అక్కరలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక్కొక్క గడిలో పెన్సిల్‌తో బొమ్మ గీయాలి. బొమ్మ చక్కగా రావలసిన పని లేదు, ఎవరికి చూపించాలో వారికి తెలిస్తే చాలు.

గత ఏడాది అమ్మాయిని తీసుకురావడానికి వాళ్ల అమ్మీ చాలా బతిమాలవలసి వచ్చింది. వచ్చింది గాని, చెప్పే వంతు రాగానే, "నాకు విషయమేమీ లేదు" అన్నది. మూసీ గురించే మళ్లీ చెప్పమన్నాను, నాకు కాదు, నానీకి. పాత 11 స్లైడ్లను ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాము. వాటిలో వర్షపాతం లెక్కలు ఉన్నాయి, వంతెనల పేర్లు ఉన్నాయి, నదులు పుట్టే చోట్లు ఉన్నాయి. ఏదీ అబద్ధం కాదు. అయితే నానీ అడిగేది ఏమిటి? "ఎప్పుడు జరిగింది? ఎవరు బతికిండ్రు? మళ్ల రాకుంట ఏం జేసిండ్రు?" ఇంతే కదా.

1908 సెప్టెంబరు 28. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనా కాలం. మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరవాసులు చెప్పుకుంటారు. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ ఒక్క రోజే పోగొట్టుకుని తాను మాత్రం బ్రతికి బయటపడ్డారు. అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా మేరకు వరదను ఆపడానికి జలాశయాల పథకం సిద్ధమైంది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

ఇది నాలుగు గడులలో ఒదిగింది. మొదటి గడిలో వంపు తిరిగిన ఒక గీత, దాని పక్కన తేదీ. రెండవ దానిలో చెట్టు. మూడవ గడి దగ్గర అమ్మాయి చాలాసేపు ఆగింది. అమ్జద్ గారి బొమ్మ పెట్టాలా అని అడిగింది. నేను సమాధానం చెప్పలేదు. కాసేపటికి తానే మూడు మాటలు రాసింది: తల్లి, భార్య, కూతురు. వాటి కింద ఏమీ లేదు. నాలుగవ గడిలో రెండు చెరువులు, రెండు సంవత్సరాలు. వర్షపాతం లెక్క ఎక్కడ పెట్టాలని అడిగితే, ఎవరైనా అడిగినప్పుడు నోటితో చెప్పమన్నాను. తనకు తెలిసినదంతా గోడకెక్కించకుండా కొంత తన దగ్గర ఉంచుకోవడం ఆ అమ్మాయికి కొత్తగా అనిపించింది. నాకు కూడా.

నాలుగవ రోజున కంప్యూటర్లు తెరిచాము. ఖాళీ స్లైడ్ తెరవడం, అక్షరాల పెట్టె గీయడం, బొమ్మ చేర్చడం, ఫైలుకు పేరు పెట్టి దాచడం. మొదటి వారానికి ఇవి చాలు. అక్షరాల పరిమాణం 28కి తగ్గకూడదని ఒక నియమం పెట్టుకున్నాము. గది చివర కూర్చున్న నానీ కళ్లద్దాలు లేకుండా చదవగలగాలి. ప్రొజెక్టర్ వెలుతురు తక్కువైనప్పుడు లేత రంగు మీద లేత అక్షరాలు కనిపించవు, తెలుపు మీద నలుపు ఎప్పటికీ మోసం చేయదు. ఇద్దరికి ఒక కంప్యూటర్ ఉన్నచోట మౌస్ పట్టినవారికే విద్య వస్తుంది, పక్కవారు చూస్తూ ఉండిపోతారు. కాబట్టి పది నిమిషాలకు ఒకసారి చేతులు మారాలి. మౌస్ పట్టని చేయి ఆ పది నిమిషాలూ ఏమి చేయాలో నోటితో చెప్పాలి. గృహిణులకు రెండుసార్లు నొక్కడం మొదట్లో కష్టమవుతుంది. వారికి ముందుగా కంప్యూటర్‌లో ఉన్న పేకాట ఆడించమని కొందరు సలహా ఇస్తారు. మేము మాత్రం బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తెరిచి ముగ్గు వేయించాము, మెహందీ డిజైన్ గీయించాము. రెండు రోజులలో చేయి కుదిరింది.

ఇక లిపుల సంగతి. మన ఇళ్లలోని పిల్లలకు ఇది ప్రత్యేకమైన చిక్కు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బడి పాఠం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, నానీ మాట ఉర్దూ, ఖుర్ఆన్ ఆయతు అరబీ. ఒకే ప్రజెంటేషన్‌లో ఇన్ని లిపులు కలిసినప్పుడు ఇంట్లో చక్కగా ఉన్నది కాలేజీ కంప్యూటర్‌లో డబ్బాలుగా మారిపోతుంది. బిడ్డ రాత్రంతా మేలుకుని చేసిన పని పదిమంది ముందు నవ్వులపాలు అవుతుంది.

తెలుగుకు సంబంధించి కారణం సులభం. డీటీపీ దుకాణాలలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న అను వంటి పాత ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపించినా, లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు బయటపడతాయి. యూనికోడ్‌లో తెలుగుకు సొంత సంకేతాలు ఉన్నాయి. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మల వంటి ఫాంట్లు వాడితే ఈ బాధ దాదాపు ఉండదు. ఉర్దూలో పాత ఇన్‌పేజ్ ఫైళ్లతో కూడా ఇదే గొడవ. వాటి నుండి నేరుగా తెచ్చి అతికిస్తే అక్షరాలు చెడిపోతాయి. కొత్త విండోస్‌లో ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే నస్తాలీఖ్ ఫాంట్ ఉంది, జమీల్ నూరీ నస్తాలీఖ్‌ను చాలామంది విడిగా చేర్చుకుంటారు. ఉర్దూ రాసే పెట్టెకు కుడి నుండి ఎడమకు అనే దిశ ఇవ్వాలి. లేకపోతే వాక్యం చివరి చుక్క మొదటికి వచ్చి కూర్చుంటుంది, అంకెలు తారుమారు అవుతాయి. తెలుగును, ఉర్దూను ఒకే పెట్టెలో కలపకుండా రెండు వేర్వేరు పెట్టెలలో రాయడం అన్నిటికన్నా క్షేమం.

ఆయతుల విషయంలో అజాగ్రత్తకు చోటు లేదు. ఫాంట్ మారితే జబర్, జేర్, తష్దీద్ వంటి గుర్తులు పక్కకు జరుగుతాయి, కొన్ని మాయమవుతాయి. అర్థమే మారిపోయే ప్రమాదం ఉంది. కనుక ఆయతును ఎవరూ సొంతంగా టైపు చేయవద్దని మా తరగతిలో గట్టిగా చెప్పాము. నమ్మకమైన ముద్రిత ముస్‌హఫ్ నుండి స్పష్టమైన బొమ్మగా తీసుకుని, ఖుర్ఆన్ చదువు తెలిసిన పెద్దవారికి ఒకసారి చూపించి, ఆ తరువాతే స్లైడ్‌లో చేర్చాలి. దాని మీద అక్షరాలు ఎగిరే విన్యాసాలు ఏవీ పెట్టకూడదు.

పవర్‌పాయింట్‌లో ఫైలుతోపాటు ఫాంట్లను కూడా పొందుపరచే ఏర్పాటు ఉంది గాని, అన్ని ఫాంట్లూ అందుకు ఒప్పుకోవు. కాబట్టి అసలు ఫైలుతోపాటు పీడీఎఫ్ ప్రతిని కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. డబ్బులు పెట్టి కొనలేనివారు దొంగ ప్రతుల జోలికి పోనక్కరలేదు. లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ ఉచితంగా దొరుకుతుంది, గూగుల్ స్లైడ్స్ ఫోనులో కూడా పనిచేస్తుంది. ఇంట్లో కంప్యూటర్ లేని ఇద్దరు అమ్మాయిలు ఈ ఏడాది అమ్మీ ఫోనులోనే తయారుచేశారు.

భాష గురించి ఒక మాట. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి పేరుతో ఉన్న బాలికల పాఠశాల 1928లో మొదలైంది. ఉర్దూ, పారశీకాలలో పాండిత్యం గల ఆయన, ఆడపిల్లలు తమ ఇంటి భాషలో చదువుకోవాలని పట్టుబట్టి, ఆ రోజులలో తెలుగు మాధ్యమంలో ఆ బడిని నడిపారు. మా తరగతిలోనూ కొందరు, "ఇంగ్లీషులో చేస్తేనే ప్రజెంటేషన్" అనుకుంటారు. మొదటిసారి నిలబడే బిడ్డకు ఏ భాషలో తడబాటు తక్కువో ఆ భాషలో చెప్పనివ్వాలి. ఇంగ్లీషు రెండవ ప్రజెంటేషన్‌కు ఉంది.

ఇంత చిన్న విషయానికి ఇంత శ్రద్ధ ఎందుకని అడిగేవారికి నేను కొలంబియా కథ చెబుతాను. 2003 జనవరి 16న బయలుదేరిన ఆ అంతరిక్ష నౌకలో మన కర్నాల్ బిడ్డ కల్పనా చావ్లా ఉన్నారు. బయలుదేరిన దాదాపు 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుండి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు ఆ ప్రమాదాన్ని విశ్లేషించి స్లైడ్లలో అధికారులకు చూపించారు. వాటిలో ఒక స్లైడ్ శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. ఆ దెబ్బ కొట్టిన ముక్క, అంతకుముందు ప్రయోగాలలో వాడిన ముక్క కన్నా 600 రెట్లకు పైగా పెద్దదన్న సంగతి మాత్రం అట్టడుగున చిన్న అక్షరాలలో ఉంది. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ నౌక ముక్కలైంది, ఏడుగురూ మరణించారు. ఆ ఒక్క స్లైడ్ వల్లనే ప్రమాదం జరిగిందని ఎవరూ అనలేరు. అయితే దానిని చూసిన ఉన్నతాధికారికి ఇది ప్రాణాంతకమైన విషయమని తోచకపోవడంలో ఆశ్చర్యం లేదని దర్యాప్తు సంఘం తన నివేదికలో పేర్కొన్నది. ఎంతో చదువుకున్నవారు కూడా ముఖ్యమైనదాన్ని కింద పెట్టి, మామూలుదాన్ని పైన పెట్టారు. ఈ కథ చెప్పిన రోజు తరగతిలో ఒక పిల్లవాడు లేచి తన స్లైడ్‌లోని చివరి వరుసను పైకి మార్చుకున్నాడు.

చివరి రోజున పెద్దలు మళ్లీ వచ్చారు. మా అమ్మాయి నాలుగు స్లైడ్లతో నిలబడింది. ఈసారి గోడ వైపు తిరగలేదు. మూడవ స్లైడ్ వచ్చినప్పుడు, తల్లి, భార్య, కూతురు అనే మాటలు గోడ మీద ఉండగా, కొంతసేపు ఆమెకు మాట పెగలలేదు. మరిచిపోయిందేమోనని నేను కంగారు పడ్డాను. తరువాత నెమ్మదిగా చెప్పింది. హిమాయత్ సాగర్ పూర్తయిన సంవత్సరాన్ని 1925 అని తప్పు చెప్పి, వెనుక ఉన్న అంకె చూసి తానే దిద్దుకుంది.

అందరూ లేచాక నానీ అడిగారు: "ఆ చెట్టు ఇంక ఉన్నదా బిడ్డా?" ఉన్నదని అమ్మాయి చెప్పింది. స్లైడ్‌లో పెట్టినది అంతర్జాలంలో దొరికిన ఏదో చింతచెట్టు బొమ్మ అని కూడా ఒప్పుకున్నది. తరువాతి ఆదివారం ఇద్దరూ బస్సెక్కి అఫ్జల్‌గంజ్ వెళ్లారు. ఇప్పుడు రెండవ స్లైడ్‌లో ఉన్నది ఆ చెట్టే. ఫోటో కాస్త వంకరగా వచ్చింది, ఒక మూలన నానీ చెయ్యి కూడా పడింది.